స్టేటస్ కో అంటే మూసుకో కాదు

ఆ వారపు అంగడి రోజు పొద్దున నా దగ్గర ఉన్న సరుకు ఇంతే. నా షట్టర్‌కు నేను వేసుకున్న తాళం చెవి ఒకటి. దాని పక్కన ఇంకొకడి తాళం వేలాడుతున్నంతకాలం ఆ చెవి జేబుకు బరువే తప్ప పనికిరాదు. కోర్టు ఆర్డరు జిరాక్స్ ఒకటి. నేను వేసిన దావాలో నా కోసం వచ్చిన ఆర్డరే, కానీ నన్నే తెచ్చి బజారులో నిలబెట్టింది. ఇంకా ఒక మాట. పరాయి మాట. ముందురోజుదాకా దాని అర్థం నాకూ తెలియదు, నా మీద దాన్ని వాడినవాడికీ తెలియదు.

ఇచ్చోడ బజారులో తాళ్లు, తార్పాలిన్లు, గోనెసంచులు అమ్ముకునే ఈ లింగమూర్తి వీధిన ఎలా పడ్డాడో మొదటి నుంచి చదువుతున్నవాళ్లకు తెలుసు. ఈ వారమే పత్రిక తెరిచినవాళ్లకు క్లుప్తంగా చెప్తాను. నా షాపు ఉన్న జాగా బుచ్చిరాములు అన్నది. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ మా మధ్య మాటే పట్టా. ఆయన పోయాక కొడుకు గోపాల్ మస్కట్ నుంచి దిగాడు. ఆ వరుసలో షాపులన్నీ పడగొట్టి లాడ్జి కడతానన్నాడు. మిగతా కిరాయిదారులు తలలు దించుకున్నారు. నేను ఆదిలాబాద్‌లో వకీలును పెట్టి, చట్టప్రకారం తప్ప నన్ను కదిలించకూడదని దావా వేశాను.

ఎడ్లను అలంకరించి మొక్కే పొలాల అమావాస్యకు ముందురోజు, మంగళవారం, ఆర్డరు వచ్చింది. అత్తకు బాగాలేదని కబురొస్తే ఆ సాయంత్రమే షాపు కట్టేసి, నా భార్య నవనీతతో మంథనికి పోయాను. గురువారం తిరిగొచ్చి చూస్తే నా తాళం పక్కన దానికి తాతలాంటి తాళం. దాని ముందు కుర్చీ వేసుకుని గోపాల్.

"స్టేటస్ కో వచ్చింది కాకా," అన్నాడు, కూర్చున్నచోటు నుంచి లేవకుండానే. "కోర్టు ఆర్డర్. ఇగ మూసుకో."

అక్కడే ఆగాం కిందటి వారం.

మన భాషలో 'కో' అనే అక్షరానికి ఒక గుణం ఉంది. తీసుకో, సర్దుకో, చూసుకో, మానుకో. పని ఎవరిదైనా తెచ్చి ఎదుటివాడి నెత్తిన పెడుతుంది. అందుకే 'స్టేటస్ కో' అనగానే బజారు మొత్తానికి అది 'మూసుకో'కు అన్నలాగా వినిపించింది. కోర్టే మూసుకో అన్నాక ఇంకేముంది? మా పక్క ఊళ్లో ఐలయ్య, రాజయ్య అనే అన్నదమ్ములు చేను పంచుకునే దగ్గర కొట్లాడుకుంటే ఇలాగే స్టేటస్ కో వచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరూ నాగలి పెట్టలేదు. చేను పడావు పడి తుమ్మలు మొలిచాయి. వాళ్లను దున్నవద్దని ఎవరూ అనలేదు. మాట విని వాళ్లే మానుకున్నారు. నేను కూడా ఆ తుమ్మలను చూసి, పాపం కోర్టు ఆపేసింది అనుకుంటూ బస్సులో పోయినవాణ్ణే.

చాయ్ కొట్టు దగ్గర నవ్వులకు కొదవ లేదు.

"సేటు స్టేటస్ పోయిందట గదనే?"

"పోలే. కోర్టోళ్లు తీసుకున్నరు. అందుకే స్టేటస్ కో."

"అయితే వాట్సాప్‌ల పెట్టుకొమ్మను, జర మనసు నిమ్మలమైతది."

నా షాపును ఆనుకుని జియావుల్లాది వెల్డింగ్ షాపు. మా ఇద్దరికీ ఒకటే గోడ, ఒకటే కరెంటు స్తంభం. అతను చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి చెవి దగ్గర అన్నాడు: "సేటూ, మా ఉర్దూల 'స్టేటస్ కో' అంటే 'స్టేటస్‌కు' అని. స్టేటస్‌కు ఏమైందో మాత్రం ఒక్కడు చెప్తలేడు. జర నువ్వు ఊ అను. కట్టర్ పెడ్త. నిమిషంల తాళం కిందవడ్తది."

"వద్దు."

"ఎందుకు వద్దు? రెండు దినాల సంది ఎనుకదిక్కు గోపాల్ గాడు ఠకఠక ఏందో కొడ్తనే ఉన్నడు. ఇనుప రాడ్లు దించిండు, రేకులు అడ్డం కట్టిండు. గా లొల్లిల నా కట్టర్ సప్పుడు ఎవ్వనికి ఇనవడది."

"తెలియని సరుకు మీద చెయ్యి వెయ్య," అన్నాను. "ముందు గా మాట ఏందో ఎరుక చేసుకొని వస్త."

శుక్రవారం ఆదిలాబాద్ బస్సెక్కాను. నా వకీలు మమతారాణి మేడం. కరీంనగర్ మనిషి, ఆదిలాబాద్‌లో స్థిరపడ్డది. ఆర్డరు వచ్చిన రోజు ఫోన్‌లో "స్టేటస్ కో వచ్చింది, మంచిదే" అని పెట్టేసింది. అడగనిది నా తప్పు. ఆమె మంచిదే అన్నదాన్ని గోపాల్ మూసుకో అంటుంటే ఇద్దరిలో ఎవరి మాట ఎక్కువో తెలియక పోయాను.

"లాటిన్ మాట అది," అంది మేడం. "పాత రోమ్ భాష. ఇప్పుడు ఎవ్వరి ఇంట్ల మాట్లాడరు. ఇంగ్లీషోళ్లు కోర్టుల దాన్ని బతికించుకున్నరు, వాళ్ల ఎంబడి మనం."

"సచ్చిపోయిన భాష వచ్చి బతికున్నోని షాపు మూసిందా మేడం?"

"మూసిందని ఎవరన్నరు?" ఆమె కళ్లజోడు తీసింది. "స్టేటస్ అంటే స్థితి. కో అంటే మన మూసుకో, తెరుచుకో కాదు. 'ఏ స్థితిలనో' అని. ఏ స్థితిలున్నదో ఆ స్థితిలనే ఉంచాలె. ఉన్నది ఉన్నట్టు. ఇంగ్లీషుల బయట కూడ వాడతరు. ఇంట్ల పాత పద్ధతి మార్చకుంట సాగనిస్తే స్టేటస్ కో నడుస్తుందంటరు. కోర్టుల వాడితే మాత్రం అది హుకుం. కదిలించొద్దని."

"అయితే తెరిచి ఉన్న షాపు?"

"తెరిచే ఉండాలె. మూసున్నది మూసే ఉండాలె. ఈ మాట తెరువు అనదు, మూయి అనదు. ఆర్డర్ వచ్చిన పూట ఎట్లుంటే అట్ల."

నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లుగా నేను ఈ మాటను రోజూ వాడుతున్నాను, లాటిన్ అని తెలియకుండా. తడిసిన తార్పాలిన్ కట్ట ఎవడైనా బేరమాడితే "ఉన్నకాడికి తీస్కపో" అంటాను. ఎట్లా ఉందో అట్లా, మార్చేది లేదు, మాట్లాడేది లేదు. రోమ్ వాళ్ల స్టేటస్ కో మా బజారులో ఉన్నకాడికి. మేడంతో అంటే ఆమె కూడా నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది.

"ఇప్పుడు అసలు చిక్కు వినండి. తాళం ఆదివారమే వేసినం అంటున్నడు గోపాల్. వాళ్ల వకీల్ ఆ మాటే రాసి తెస్తడు. ఆర్డర్ మంగళవారం. తాళం ఆదివారందే అయితే ఉన్నది ఉన్నట్టు అంటే తాళం ఉన్నట్టే. అప్పుడు మీరు దాన్ని ముట్టుకున్నా కోర్టును కాదన్నది మీరైతరు."

జియావుల్లాకు ఊ అననందుకు మనసులో వేములవాడ రాజన్నకు దండం పెట్టుకున్నాను.

"మంగళవారందాక నేను షాపుల కూసొని సరుకు అమ్మిన మేడం."

"నాకు తెలుసు. కోర్టుకు తెల్వాలె. ఎవరు చెప్తరు?"

లేచేటప్పుడు అడిగాను: "ఆర్డర్ వచ్చినంక ఎవడన్న మార్చిండని రుజువైతే?"

"దానికి ఇంకో మాటున్నది. స్టేటస్ కో యాంటీ. మార్చకముందు ఎట్లుండెనో మళ్ల అట్ల చేసియ్యమని అడుగుడు."

"ఆంటీ ఎవరు మేడం?"

"ఆంటీ కాదండీ!" ఆమె నుదురు కొట్టుకుంది. "యాంటీ. 'ముందటి' అని. అది తర్వాత సంగతి. ముందు మంగళవారం సంగతి తేల్చుకోండి. తాళం మాత్రం మీ చేత్తో తియ్యొద్దు. వేసినోడే తియ్యాలె, పదిమంది చూస్తుండంగ."

ఇచ్చోడలో బస్సు దిగి నేరుగా మా వరుస షాపుల్లోకి నడిచాను. మంగళవారం నేను షాపులో కూర్చున్నది చూడనివాడు ఆ వరుసలో లేడు. చెప్పేవాడూ లేడు. అందరూ గోపాల్ జాగాలోనే ఉన్నారు. కిరాణా ఆయన "యాదికొస్తలే సేటు" అని పప్పు తూకంలో పడిపోయాడు. ఎరువుల ఆయనకు అప్పుడే ఫోన్ వచ్చింది. జియావుల్లాను అడిగితే వెల్డింగ్ అద్దాలు కళ్ల మీదకు లాక్కున్నాడు. గోపాల్ తాళం కోయడానికి సిద్ధపడ్డ మనిషి సాక్ష్యానికి సిద్ధపడలేదు. కట్టర్ చీకట్లో పెట్టొచ్చు. సాక్ష్యం పేరు పెట్టి చెప్పాలి. అతన్ని తప్పుపట్టను. నలుగురు పిల్లల తండ్రి.

రైతులను అడుగుదామా అంటే వాళ్లకు వారాలతో పనిలేదు. "ఎన్నడు కొన్నవ్?" అంటే "పొలాల ముంగట" అంటారు. ఆదివారమూ పొలాల ముంగటే, మంగళవారమూ పొలాల ముంగటే.

మూసిన షట్టర్ ముందు అరుగు మీద కూలబడ్డాను. అప్పుడే ఒక ఎడ్లబండి నా ముందు నుంచి పోయింది. పండుగకు పూసిన రంగు ఇంకా కొమ్ముల మీద ఉంది. ముక్కులకు కొత్త ముకుతాళ్లు. ఆకుపచ్చ, పసుపు కలిపి పేనినవి.

లేచి నిలబడ్డాను.

ఆ రంగు ముకుతాళ్లు ఈసారి పొలాలకు నేను నాగ్‌పూర్‌లో చెప్పి చేయించినవి. ప్రతి ఏడూ ఎరుపే అమ్ముతారు అందరూ. ఒక ఏడు రంగు మార్చి చూద్దామని నా ఆశ. లారీ ఆలస్యమైంది. ఆదివారం రాలేదు, సోమవారం రాలేదు. పండుగ దాటిపోతే ఆ సరుకు ఏడాదంతా మూలన పడుండాలి. మంగళవారం పొద్దున్నే మూట దిగింది, సాయంత్రానికి ఊడ్చుకుపోయింది. అంటే ఇచ్చోడ చుట్టూ ఏ ఎద్దు ముక్కుకు ఆ రంగు తాడుందో ఆ ఎద్దు నా షాపు మంగళవారం తెరిచి ఉందని మోసుకుని తిరుగుతున్నట్టే. మనుషులు మరిచిపోయారు సరే, ఎడ్లు అబద్ధం ఎలా ఆడతాయి?

ఆ తాళ్లు మొట్టమొదట కొన్నది ఎవరో కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆ మనిషిని సాక్ష్యం అడగడానికి మనసు ఒప్పలేదు. కానీ నా బతుకు తాళం వెనక ఉంది. పత్తి తీసే రోజులు ముందున్నాయి, తార్పాలిన్లకు, సంచులకు అదే పంట. ఆ కాలం మూసుకుని కూర్చుంటే మళ్లీ షాపు తెరవడానికి నాలో మనిషి మిగలడు.

బేరం ఏమిటన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు మొదలుపెట్టాలన్నదీ అంతే ముఖ్యం. మరునాడు అంగడి. అది నిండే వేళ దాకా ఆగాను. గోపాల్ తన కుర్చీలో ఉన్నాడు. షట్టర్‌కు బారెడు దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకున్నాను. ముట్టుకున్నాడని ఎవడూ అనకూడదు.

"గోపాల్, గీ తాళం ఏనాడు వేసినవ్?"

"ఎన్నిసార్లు చెప్పాలె కాకా? ఆదివారం."

"గట్టిగ చెప్పు, అంగడికొచ్చినోళ్లు ఇనాలె."

"ఆదివారం పొద్దుమూకి వేసిన. సరిపోయిందా?"

"సోమవారం, మంగళవారం షాపు తెరిచిలేదు?"

"తాళం వడ్డ షాపు ఎట్ల తెరుస్తవే? నీ మతి మంథనిల ఇడ్సివచ్చినవా?"

నలుగురు నవ్వారు. నవ్వనిచ్చాను. తూకం వేసే ముందు ధర ఖాయం చేసుకోవాలి. తూకం చూశాక ఎవడైనా ధర మారుస్తాడు.

"సరే. ఇప్పుడు నీ కోర్టు మాట సంగతి. స్టేటస్ కో అంటే ఏంది?"

"మూసుకొని కూసోమని."

"కాదు. ఉన్నది ఉన్నట్టు ఉంచుమని. తెరిచున్నది తెరిచి, మూసున్నది మూసి. నా వకీలమ్మ చెప్పింది. కావాలంటే నీ వకీల్‌కు ఫోన్ చెయ్యి, స్పీకర్ పెట్టు. అందరం ఇంటం."

గోపాల్ ఫోన్ తీయలేదు. గుంపులో వెనక నుంచి ఒక గొంతు లేచింది. తుమ్మల చేను రాజయ్య.

"ఓ సేటూ, జర ఆగు. ఉన్నది ఉన్నట్టు అంటే... దున్నుకునేటోడు దున్నుకోవచ్చునా?"

"ఆర్డరు నాడు నాగలి ఎవరిదున్నదో వాళ్లు దున్నుకోవచ్చు."

"ఓరి నీ! నాదే ఉండె నాగలి! గా తుమ్మలన్నీ ఉత్తగ పెంచిననా?"

"పెంచుకో," అన్నాడెవడో. అంగడి గొల్లుమంది. నవ్వు ఈసారి నా వైపు తిరిగింది. అంగడిలో నవ్వు ఎటు తిరిగితే గాలి అటే వీస్తుందని గోపాల్‌కు కూడా తెలుసు. కుర్చీలోంచి లేచాడు.

"మాటలు కాదు లింగమూర్తీ." కాకా పోయి లింగమూర్తి మిగిలాడు. "మంగళవారం నువ్వు షాపు తీసినవని చెప్పేటోడు ఉన్నడా? ఒక్కడు ఉంటే ముందటికి రమ్మను!"

కిరాణా ఆయన లోపలికి పోయాడు. అదే క్షణంలో అంగడి మలుపులో గజ్జెల చప్పుడు వినిపించింది. నేను ఎదురుచూస్తున్న బండి అది. ఇంట్లో కారుండగా కూడా ప్రతి అంగడికి ఎడ్లబండి మీదే వచ్చే మనిషి మా ఇచ్చోడలో ఒక్కతే. బుచ్చిరాములు భార్య కొమురవ్వ. గోపాల్ తల్లి.

రెండు తెల్ల ఎడ్లు గుంపును చీల్చుకుని వచ్చి ఆగాయి. వాటి ముక్కులకు ఆకుపచ్చ, పసుపు.

"గీ ముకుతాళ్లు చూడుండ్రి," అన్నాను అందరికీ వినబడేలా. "గీ రంగుది నేను ఒక్కన్నే తెప్పించిన. మంగళవారం లారీల దిగింది. ఆదివారం సంది నా షాపుకు తాళముంటే గోపాల్ ఎడ్లకు గీ తాళ్లు యాడికెళ్లి వచ్చినయి?"

గోపాల్ తడుముకోలేదు. మస్కట్ నేర్పిన తెలివి కావచ్చు. "ఆదిలాబాద్‌ల కొన్నం. రంగు తాళ్లు నీ అయ్య సొత్తా? అవ్వా, నువ్వు బండి తోలు. గిక్కడ నీకేం పని లేదు."

కొమురవ్వ బండి తోలలేదు. తాళం వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, చివరికి నా వైపు.

"ఏందిర లింగమూర్తీ, షాపు ఇడ్సిపెట్టి మంథనికి పోయినవంట గద? గీడ నిలవడ్డవేంది?"

"ఇడ్సిపెట్టలే వదినా. అత్తను చూసొచ్చిన. వచ్చేవరకు నీ కొడుకు తాళమేసిండు."

తల్లి చేత కొడుకు మీద చెప్పించడం అంత సులువైన బేరం కాదు. నోరు తెరిచే ముందు ఆయన గుర్తొచ్చాడు, బుచ్చిరాములు అన్న. కాగితం లేకుండా షాపు ఇచ్చినవాడు. ఆయన మాట నిలబెట్టడానికి ఆయన భార్యనే అడగాలి.

"వదినా, గీ ముకుతాళ్లు ఎన్నడు తెచ్చినవ్, యాడ తెచ్చినవ్? ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకు నష్టమైనా సరే."

"అవ్వా!" గోపాల్ అడ్డం వచ్చాడు. "నీకు యాదికుండది. వయసు మీదవడ్డది. ఆదిలాబాద్‌ల తెచ్చినం, గంతే."

కొమురవ్వ బండి దిగింది. కొంగు నడుముకు చుట్టింది.

"నువ్వు పుట్టిన వారం యాదికున్నదిర నాకు. మొన్నటి మంగళారం యాదికుండదా? తాళ్లు రాలే వదినా అని లింగమూర్తి అంటే, పోను అని గా గద్దె మీద కూసున్న. చాయ్ పోయించిండు. లారీ వచ్చినంక మూట ఇప్పించి, మొదలు నా ఎడ్లకు ఏరుకొని పోయిన." ఆమె ఎడమ ఎద్దు ముక్కు దగ్గర చెయ్యి వేసింది. అది తల వంచింది. "పొలాల నాడు గీ చేతులతోటి కట్టి, బూరెలు పెట్టి మొక్కిన. మొక్కిన ఎద్దు ముంగట అబద్ధమాడితే గీ తాడు నా ముక్కుకు కట్టుకున్నట్టే. నువ్వు చెప్తే కట్టుకుంటననుకున్నవా?"

కూరగాయల బేరాలు వదిలేసి జనం ఇంకా దగ్గరికి జరిగారు.

పక్కన చప్పుడైంది. జియావుల్లా వెల్డింగ్ అద్దాలు నుదుటి మీదకు జరుపుకుని వచ్చాడు. ముఖం కొలిమిలా ఉంది.

"మూట దించింది నేనే. మంగళవారం. నా భుజం ఇంక నొస్తుంది." గోపాల్ వైపు చూడకుండా అన్నాడు. "కిరాయి జాగా పోతే పోనీ. భుజం నాదే గద."

ఒకడు నోరు విప్పాక రెండోవాడికి ధైర్యం అగ్గువకే దొరుకుతుంది. ఎరువుల ఆయనకు మంగళవారం గుర్తొచ్చింది. కిరాణా ఆయన గడప దాటి బయటికి వచ్చి, గోపాల్‌కు వినబడేంత గట్టిగా కాకపోయినా, "నేను సూసిన" అన్నాడు.

"తాళం తియ్యిర," అంది కొమురవ్వ.

"అవ్వా, కోర్టు..."

"కోర్టు ఉన్నది ఉన్నట్టు అన్నదంట గద. మంగళారం ఎట్లుండెనో గట్ల చెయ్యి. లేకుంటే చెవి ఇటు తే, నేను తీస్త. అందరు చూడుండ్రి, లింగమూర్తి చెయ్యి పెట్టలే."

ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నారు. గోపాల్ జేబులో చెయ్యి పెట్టాడు. నేను అనుకున్నది వేరు. అరుస్తాడనుకున్నాను, కుర్చీ తంతాడనుకున్నాను. అతను అలాంటిదేమీ చేయలేదు. నింపాదిగా తాళం తీసి, దాన్ని చెవితో సహా నా అరచేతిలో పెట్టాడు. పెదవి చివర చిన్న నవ్వు.

"తీసుకో కాకా," అన్నాడు. "లోపటికి పోయి మంచిగ చూసుకో."

మళ్లీ ఆ 'కో'. దాని గుణం నాకు తెలుసు, ఎదుటివాడి నెత్తిన బరువు పెట్టే అక్షరం. అయినా ఆ గెలుపు చప్పుడులో నేను దాన్ని తూకం వేయలేదు. కొమురవ్వకు చేతులు జోడించి, నా చెవితో నా తాళం తీసి, రెండు చేతులతో షట్టర్ ఎత్తాను. జనం ఈలలు వేశారు. రాజయ్య అందరికంటే గట్టిగా వేశాడు. తుమ్మలు నరికినంత సంబరం.

షట్టర్ పైకి పోతుంటే మొదట నా కాళ్ల మీద వెలుతురు పడింది. అది బయటి ఎండ అనుకున్నాను. ఎండ నా వీపు మీద ఉంది. కాళ్ల మీద పడింది లోపలి నుంచి వస్తోంది.

నా షాపుకు వెనక కిటికీ లేదు, తలుపు లేదు. గుడ్డి లైటు వేసుకుంటే తప్ప సంచి రంగు కనబడేది కాదు.

తాళ్ల చుట్టలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. గద్దె ఉంది. బుచ్చిరాములు అన్న మేకు కొట్టి తగిలించిన పాత క్యాలెండర్ లేదు, ఎందుకంటే అది తగిలించిన వెనక గోడే లేదు. అటు నుంచి ఇటు దాకా ఇటుక ఇటుక విప్పి, చక్కగా పేర్చి పెట్టారు. గోడ ఉండాల్సిన చోట లోతైన గుంతలు. గుంతల్లోంచి నిలువునా ఇనుప రాడ్లు, నా తాళ్ల చుట్టల మధ్యదాకా వచ్చాయి. వాటి వెనక సిమెంటు బస్తాలు. వాన పడితే తడవకుండా వాటి మీద కప్పిన నీలం తార్పాలిన్ నాదే, షాపులో అన్నిటికంటే మందమైనది.

జియావుల్లా నా భుజం మీదుగా తొంగిచూశాడు. "యా అల్లా! ఠకఠక ఇదేనా?"

కొమురవ్వ గడపలోనే నిలబడిపోయింది. బయట ఈలలు ఇంకా ఆగలేదు. వాళ్లకు ఇంకా కనబడలేదు.

ఆ అంగడి రోజు లెక్క ఇది. పొద్దున అక్కరకు రాని తాళం చెవి ఒకటి ఉండేది. ఇప్పుడు రెండు తాళాలు, రెండు చెవులు నావే. అర్థం తెలియని మాటకు అర్థం బజారుకంతా తెలిసింది. పేరు పెట్టి సాక్ష్యం చెప్పే మనిషి పక్కన నిలబడ్డాడు. కొడుకు కంటే మాటే ఎక్కువన్న తల్లి గడపలో ఉంది. ఇన్ని వచ్చాయి. తెరిచిన షట్టర్ వెనక షాపు మాత్రం లేదు.

గోపాల్ ఇంకా నవ్వుతున్నాడు. ఉన్నది ఉన్నట్టే కదా కోర్టు ఉంచమన్నది, ఇప్పుడున్నది ఇదే అన్నట్టు చూస్తున్నాడు.

నేను అరవలేదు. గద్దె మీద దుమ్ము తుడిచి, నా చోట నేను కూర్చున్నాను. గోడ లేకపోయినా షాపు తెరిచే ఉంది. ఫోన్ తీసి ఆదిలాబాద్ నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, గోపాల్‌కు వినబడేలా అన్నాను:

"మేడం, నిన్న మీరు తర్వాత సంగతి అన్న మాట ఉన్నది చూడుండ్రి, గా ఆంటీ... జర మళ్లొకసారి చెప్పుండ్రి. రాసుకుంట."